ఆపా పట్టుకున్న ఉలి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఎవరో మగమనిషి.

"సుల్తానాబాద్ టైలరమ్మేనా?" అన్నాడు.

అవునన్నాను.

"నేను కరీంనగర్‌కెల్లి మాట్లాడుతున్న అమ్మా. కారు నేర్పే ఆపా ఉండె గద, ఆమె మా మేనత్త. ఆమె పోయి నలభై రోజులైతున్నది. ఎల్లుండి ఆమె పేరు మీద ఫాతెహా చదివిస్తున్నం. ఆమె పుస్తకంల మీ నంబర్ దొరికితే చేసిన."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, పుస్తకంలో నా పేరు ఉందా అని అడిగాను. అతను కాసేపు తటపటాయించి చదివాడు.

"పేరు లేదమ్మా. 'సుల్తానాబాద్ టైలరమ్మ. మిషన్ కాలు. క్లచ్ సగమే తొక్కుతది.' గింతే ఉన్నది."

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ రోజు మళ్లీ కత్తెర పట్టలేకపోయాను.

నిజానికి నా దగ్గర కూడా ఆమె పేరు లేదు. నా ఫోన్‌లో 'ఆపా కారు' అని ఉంది. ఆపా అంటే వాళ్ల భాషలో అక్క. కరీంనగర్‌లో ఆమె దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్లంతా అలాగే పిలిచేవాళ్లు. అరవైకి దగ్గరలో ఉండేది. సన్నటి మనిషి. బురఖా చేతులు మోచేతి దాకా మడిచి, జారకుండా పిన్నీసులు పెట్టుకునేది. కాళ్లకు మగవాళ్ల బూట్లు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం.

నేను ఆమె దగ్గరికి సరదాకు పోలేదు. మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు కరీంనగర్‌లో డయాలసిస్. పన్నెండేళ్లు తన చేత్తో నడిపిన కారు ఇంటి ముందే ఉన్నా, చూపు మసకబారిందని డాక్టర్లు స్టీరింగ్ ముట్టొద్దన్నారు. బస్సులో పోయి వచ్చేవాళ్లం. ఒకరోజు తిరిగి వస్తూ బస్టాండులో ఆయన కళ్లు తిరిగి పడిపోయారు. చుట్టూ జనం మూగారు. ఎవరో సోడా తెచ్చారు. ఆ సోడా ఆయన చేత తాగిస్తూ, ఇక బస్సు ఎక్కేది లేదని అనుకున్నాను. నాకప్పుడు నలభై మూడేళ్లు. సైకిలు తొక్కడం కూడా రాదు.

మొదటి రోజు ఆపా నన్ను బండి స్టార్ట్ చేయనివ్వలేదు. కళ్లు మూసుకోమంది. నా చేతిని గేరు రాడ్డు మీద పెట్టింది.

"గట్టిగ పట్టకు బేటీ. చేయి పెట్టు, గంతే. అది ఏడికి పోవాల్నో దానికి ఎరుక. ముందుగాల చేయికి నేర్పాలె, తర్వాత కండ్లకు."

గంట సేపు ఆగివున్న బండిలో కళ్లు మూసుకుని గేర్లు మార్చాను. నాలుగోసారో ఐదోసారో నా ఎడమ కాలు వైపు వంగి చూసి, "నువ్వు మిషన్ కుడ్తవా?" అని అడిగింది. నేను చెప్పనే లేదు. "కాలు చెప్తున్నది. మిషన్ను మెల్లగ తొక్కాలె. క్లచ్‌ను పూర తొక్కాలె. ఇది గుడ్డ కాదు, ఇనుము."

బండి నేర్పేవాళ్ల కారులో వాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆపా బూట్లు విప్పి, సీటు మీద కాళ్లు మడిచి కూర్చునేది. ఎదురుగా ఇసుక లారీ వస్తున్నా ఆ కాళ్లు కిందికి దిగేవి కావు. "మీ కాలు బ్రేకు మీద పెట్టుకోండ్రి ఆపా, నాకు భయమైతుంది" అని ఒకసారి బతిమాలాను.

"నా కాలు దాని మీదుంటే నీ కాలు పని చెయ్యదు" అంది. భయపడొద్దని మాత్రం ఎన్నడూ అనలేదు. "భయపడు. భయపడుకుంటనే క్లచ్ తొక్కు" అనేది.

గేరు సరిగ్గా పడక కరకరమంటే కోప్పడేది కాదు. బండి పక్కకు ఆపించేది. నేర్చుకునేవాళ్లు గేరు రాడ్డు మీద చేయి పెట్టి, గేర్ బాక్సును "మాఫ్ చెయ్యి" అని అడగాలి. అడిగేదాకా బండి కదలదు. మార్కెట్ రోడ్డు నడిమధ్య, వెనుక ఆటోవాళ్లు హారన్లు కొడుతుంటే నేను ఎన్నిసార్లు మాఫీ అడిగానో లెక్క లేదు.

చివరి క్లాసు కొండగట్టు ఘాటు మీద. ఎక్కుడు మధ్యలో బండి ఆపించి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించమనేది. అది వస్తే పాసైనట్టే. మేము పైకి పోయి అంజన్న దర్శనం చేసుకొని వచ్చేదాకా తను కారుకు ఆనుకొని నిలబడేది. దిగిరాగానే చేయి చాపేది. "కొబ్బరి ఏది?"

ఈ పనిలోకి ఎట్లా వచ్చావని ఒకసారి అడిగాను. "నడుపుడు వచ్చు. నేర్పుడు వచ్చు. ఇంకేం కావాలె?" అంది. మళ్లీ అడగలేదు.

లైసెన్సు వచ్చి ఐదు నెలలు బాగానే గడిచాయి. చలికాలం మొదలయ్యాక పొద్దున పూట రెండో గేరు పడటం మానేసింది. రెండు చేతులతో లాగితే తప్ప పడేది కాదు. పడ్డా లోపల ఏదో గీరుతున్నట్టు శబ్దం. ఊళ్లో మెకానిక్‌కు చూపిస్తే, "గేర్ బాక్స్ దించాలె. పదిరోజులు బండి ఈడనే ఉండాలె" అన్నాడు. పదిరోజులంటే నాలుగైదు డయాలసిస్‌లు. మళ్లీ అదే బస్టాండు.

ఆపాకు ఫోన్ చేశాను.

"గేరాయిల్ ఎప్పుడు మార్పిచ్చిండ్రు?"

మా ఆయనను అడిగాను. "ఒక్కసారి మార్పిచ్చిన. ఎప్పుడో యాదికి లేదు" అన్నారు.

"దించుడు తర్వాత సంగతి. ముందుగాల ఆయిల్ మారుద్దాం. ఐతారం వస్త" అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగింది. ఒక చేతిలో నూనె డబ్బా, రెండో చేతిలో బరువైన గోనెసంచి. ఆమె దగ్గర కారు నేర్చుకున్న ఒకామె మామగారికి సుల్తానాబాద్‌లో రైస్ మిల్లు ఉంది. లారీల కింద పని చేసుకోవడానికి అక్కడ సిమెంటు గుంత ఉంది. మిల్లుకు సెలవు కాబట్టి ఆ గుంత అడిగి పెట్టుకుంది. నూనె వేడెక్కాలని ముందు నాతో బండి నాలుగు మైళ్లు నడిపించి, గుంత మీద నిలబెట్టించింది. టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి, తాళంచెవి తన జేబులో వేసుకుంది. బురఖా తీసి, సల్వారు మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంది. మా ఆయన గుంత పక్కన కుర్చీలో కూర్చున్నారు. మిల్లు కావలాయన వచ్చి చూసి, "మీరు విప్పుతరా అమ్మా?" అన్నాడు. ఆపా వినిపించుకోలేదు.

గేర్ బాక్సుకు రెండు బోల్టులుంటాయి. పక్కన ఉన్నది నూనె పోసేది. అడుగున ఉన్నది నూనె దించేది. నేను అడుగుదాని మీద పానా పెట్టబోతే చేయి పట్టుకుంది.

"పోసేది ముందు. అడుగున ఖాళీ చేసినంక మీదిది రాకపోతే ఎట్ల పోస్తవు?"

పక్కది రెండు గుంజులకే వచ్చింది. అడుగుది రాలేదు.

టార్చి వేసి చూస్తే దాని మూలలు అరిగిపోయి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో సరిపడని పానాతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించారు. ఆపా ఇనుప బ్రష్‌తో, కిరసనాయిలుతో మట్టి అంతా కడిగింది. తుప్పు వదిలే మందు కొట్టి, అరగంట ఆగుదాం అంది. ఆ అరగంటలో బోల్టు మీది నుంచి గేర్ బాక్సు మీదికి సుద్దముక్కతో ఒక గీత గీసింది. "ఇది జరిగితే బోల్టు జరిగినట్టు. అది జరగంగ కండ్లకు కనబడాలె. లేకుంటే మనసు పరేషాన్ అయితది."

బోల్టు తలకు ఆరు మూలల సాకెట్టు తొడిగాం. జారింది. అంతకంటే చిన్న సాకెట్టును సుత్తితో కొట్టి ఎక్కించాం. పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి ఇద్దరం వేలాడాం. పిడి వంగింది. బోల్టు కదల్లేదు. మళ్లీ మందు, మళ్లీ ఆగడం. పన్నెండయింది. నేను తెచ్చిన చపాతీలు గుంతలో నిలబడే తిన్నాం. ఒంటిగంటకు సాకెట్టు ఒక్కసారిగా జారి ఆపా వేలిగణుపులు గేర్ బాక్సుకు కొట్టుకున్నాయి. చర్మం లేచి రక్తం కారింది.

మా ఆయన కుర్చీలోంచి లేచారు. "జరుగుండ్రి. నేను దిగుత."

ఆయన ఎడమచేతికి డయాలసిస్ కోసం ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తొద్దు, దేన్నీ లాగొద్దు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా గుంత మెట్టు మీద ఒక కాలు పెట్టారు.

"భాయిసాబ్, ఆ చేయి మాకు ఈ బండి కంటె ఎక్కువ" అంది ఆపా, రుమాలు వేళ్లకు చుట్టుకుంటూ. "కూసోండ్రి. మీతోని పని ఉన్నది, చెప్త."

ఆయన కూర్చోలేదు. నిలబడే అన్నారు. "సాలు ఆపా. ఇడిసిపెట్టుండ్రి. పోసే బోల్టు పెట్టేసి గిట్లనే నడుపుకుందం. రేపు పొద్దుగాల పోవాలె."

మళ్లీ నావైపు తిరిగారు. "గా గేర్ బాక్స్ పెట్టె అల్యూమినియంది. పగిలిందంటే రేపే కాదు, ఎన్నటికీ పోము. నువ్వన్న చెప్పు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అప్పటిదాకా చేసిన దాంట్లో చెడిపోయింది బోల్టు తల ఒక్కటే. అక్కడ ఆపితే మర్నాడు బండి నడుస్తుంది. రెండో గేరు పడితే పడుతుంది, పడకపోతే లేదు.

ఆపా సంచిలోంచి ఒక ఉలి తీసింది. దాన్ని బోల్టు అంచుకు ఏటవాలుగా ఆనించి సుత్తితో కొడితే బోల్టు తిరగాలి. దెబ్బ అంచున పడితే తిరుగుతుంది. పక్కకు పోతే పెట్టె పగులుతుంది.

"ఇగ ఇదొక్కటే ఉన్నది" అంది. "బండి మీది. కొడదామంటె కొడదాం. వద్దంటె కట్టేసి చాయ్ తాగి పోదాం. నాకేం సిగ్గు షరం లేదు."

"వస్తదంటరా ఆపా?"

"రాకపోతే ఏడికి పోతది? మనం ఈడనే ఉన్నం, అదీ ఈడనే ఉన్నది. కని మాట నీది."

ఆయన నా ముఖంలోకి చూస్తున్నారు. ఆ పన్నెండేళ్లలో కారు గురించి నేను ఒక్క మాట చెప్పింది లేదు. కొన్నది ఆయన, కడిగింది ఆయన, దాని మంచిచెడ్డలన్నీ ఆయనవే. ఐదు నెలలుగా నేను నడుపుతున్నా అది ఆయన కారే, నేను డ్రైవర్ని. అలాంటిది ఆ నిమిషాన మాట తేలిగ్గానే వచ్చింది.

"కొడదాం" అన్నాను.

ఆపా ఉలి పట్టుకుంటుంది, సుత్తి కూడా తనే ఎత్తుతుంది అనుకున్నాను. సుత్తి నా చేతికిచ్చింది. రుమాలు చుట్టిన చేత్తోనే ఉలిని బోల్టు అంచుకు ఆనించి పట్టుకుంది.

"నేనా?"

"ఉలి కదలకుండ పట్టుడు నాకే అయితది. కొట్టుడు నువ్వే కొట్టాలె."

"మీ చెయ్యి..."

"నా చేయి చూస్తే నా చేయి మీదనే కొడ్తవు. ఉలి తల చూడు."

మొదటి దెబ్బ దోమను కొట్టినట్టు పడింది. "గట్లయితె వచ్చే ఐతారం దాక కొట్టాలె" అంది. రెండో దెబ్బ కాస్త గట్టిగా వేశాను. ఉలి అంచు బోల్టులో దిగి ఒక గాటు పడింది. మూడు. నాలుగు. ప్రతి దెబ్బకూ ఆమె చేయి అదరడం నాకు తెలుస్తోంది. రుమాలు ఎర్రబడింది. ఐదో దెబ్బకు సుత్తి జారి ఉలి పక్కగా తగిలి, ఆమె బొటనవేలి పక్కనుంచి పోయింది. సుత్తి అక్కడే ఆపేశాను. ఆపా చేయి తీయలేదు. లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

"ఊపిరి బిగబట్టకు. కొట్టు."

తొమ్మిదో దెబ్బకో పదో దెబ్బకో శబ్దం మారింది. అప్పటిదాకా ఖణేల్‌మన్నది కాస్తా మొద్దుగా అయింది. ఆపా "ఠహరో, ఆగు" అంది. టార్చి దగ్గరికి తెచ్చి చూసింది. బోల్టు మీది సుద్దగీత, గేర్ బాక్సు మీది సుద్దగీత ఒకే వరసలో లేవు. వాటి మధ్య వడ్లగింజంత ఎడం ఉంది.

"భాయిసాబ్" అని పైకి అరిచింది. "జరిగింది!"

మరో పదిహేను దెబ్బలకు చేత్తో తిరిగేంత వదులైంది. కింద బకెట్టు పెట్టి చివరి చుట్టు నన్నే తిప్పమంది. నల్లటి నూనె మొదట తీగలా, తర్వాత ధారగా పడింది. కుళ్లిన గుడ్డు వాసన. దాన్ని మించిన మంచి వాసన ఆ ఏడాదిలో నేను చూడలేదు. అప్పటికి మూడున్నర దాటింది.

బోల్టు లోపలి చివర చిన్న అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. ఆపా దాన్ని వేళ్ల మధ్య నలిపి నలిపి చూసింది. నా వేళ్ల మీద కూడా పెట్టింది. "పిండి లెక్క ఉంటే అరుగుడు. పలుకు దొరికితే ఇరుగుడు. నీకేమన్న పలుకు తగులుతున్నదా?" ఎంత నలిపినా మెత్తగానే ఉంది. "గేర్లు మంచిగనే ఉన్నయి. దించే పని లేదు."

కొత్త బోల్టు, కొత్త వాషరు ఆమె సంచిలో ముందే ఉన్నాయి. బిగించడం నాకే అప్పజెప్పింది. పట్టు చిక్కాక ఇంకో గుంజు గుంజబోతే ఆపింది. "చాలు. కారకుంటె చాలు. రేపు విప్పేటోళ్లు గూడ మనుషులే." పైనుంచి గొట్టం దించి, పక్క బొక్కలోంచి కొత్త నూనె బొట్టు బొట్టుగా బయటికి వచ్చేదాకా పోశాం. ఆ బోల్టూ పెట్టేశాం.

గుంతలోంచి బయటికి వచ్చాక తాళంచెవి నాకు ఇవ్వలేదు. మా ఆయనకు ఇచ్చింది.

"పని ఉన్నదన్న గద. మీరు కూసోని గేర్లు వేసి చూడుండ్రి. పన్నెండేండ్లు మీరే నడిపిండ్రు. బాగైందో లేదో మాకేం తెలుస్తది?"

ఎనిమిది నెలల తర్వాత ఆయన ఆ సీట్లో కూర్చున్నారు. టైర్లకు రాళ్లు అడ్డం ఉన్నాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి, ఒకటి, రెండు, మూడు వేశారు. నాలుగు, ఐదు, రివర్సు. మళ్లీ ఒకటి. మళ్లీ రెండు. బండి ఉన్నచోటే ఉంది. ఆయన అద్దంలోంచి ఎదురుగా చూస్తూ గేర్లు మారుస్తూనే ఉన్నారు. చాలాసేపటికి ఇంజిన్ ఆపి, తల తిప్పకుండానే, "పడుతున్నది. మంచిగ పడుతున్నది" అన్నారు.

ఆయన ఆ తర్వాత నాలుగేళ్లు ఉన్నారు. సోమ, బుధ, శుక్రవారాల్లో బండి మొరాయించి ఆగిన రోజు ఒక్కటి కూడా లేదు. ఆయన పోయాక ఆపా ఒకసారి మా ఇంటికి వచ్చింది. రెండు గంటలు నా పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. పోతూ పోతూ, "బండి అమ్మకు" అంది. అమ్మలేదు.

ఫాతెహా రోజు వాళ్ల సందులోకి బండి పట్టలేదు. అప్పటికే వచ్చిన కార్లతో నిండిపోయింది. లోపల ఆడవాళ్లంతా ఆ పుస్తకం గురించే మాట్లాడుకుంటున్నారు. ఒకామె గురించి 'హారన్ ఎక్కువ' అని ఉందట. ఇంకొకామె గురించి 'అద్దంల తన మొఖమే చూస్తది' అని ఉందట. ఆమె అది చెప్పి నవ్వింది, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు ఆ ఆదివారం సాయంత్రమే గుర్తొస్తోంది. పని అయ్యాక ఆపా బస్సుకు పోతానంది. మా ఆయన ఒప్పుకోలేదు. "మేము దింపుతం ఆపా. మీరు ఎనక కూసోండ్రి" అన్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆమె నా వెనుక కూర్చోలేదు, ఎప్పుడూ పక్కనే. పొద్దు గూకుతోంది. రాజీవ్ రహదారి మీద వడ్ల లారీలు బారులు తీరి ఉన్నాయి. రెండో గేరు వేలితో తోస్తే పడుతోంది. నేను బండిని ఎట్లా నడుపుతున్నానో ఆపా చూస్తోందని, ఏ క్షణాన ఏం అంటుందోనని ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపాను. ఒక లారీని దాటాను, ఇంకో లారీని దాటాను. వెనుక నుంచి ఏ మాటా రాలేదు.

కరీంనగర్‌లో వాళ్ల సందు మొదట్లో బండి ఆపి వెనక్కి తిరిగాను. ఆపా తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. రుమాలు చుట్టిన చేయి ఒళ్లో వెల్లకిలా ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను.

"లేపకు" అన్నారు మా ఆయన మెల్లగా.

ఇంజిన్ ఆపేశాను. ఆమె తనంతట తాను లేచేదాకా ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం.